తాటాకు తగలబెట్టి అచ్చుప్రతికి అర్చన

ఫిల్ము మళ్ళీ వచ్చింది. రావద్దని కోరుకున్నవాణ్ణి కాను గనుక నాకు సంతోషమే. అటక మీది రేకుపెట్టెలోంచి దిగిన అగ్ఫా క్లిక్కులకూ, పాతసామాన్ల అంగళ్ళలో బేరమాడి తెచ్చుకున్న యాషికాలకూ దుమ్ము దులిపి మెడలో వేసుకు తిరిగే యువతీయువకులను చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ప్లాస్టిక్కు హోల్గాకు నాలుగు వైపులా నల్లటేపు అంటించుకుని గోలకొండ మెట్లెక్కుతున్నవారూ కనబడుతున్నారు. రీలు ధర వింటే గుండె గుభేలుమంటుంది. అయినా కొంటున్నారు, లెక్కపెట్టుకుని ఒక్కొక్క బొమ్మే తీస్తున్నారు. ఇంతవరకూ నాకు ఎవరితోనూ పేచీ లేదు.

పేచీ అంతా ఆ తరువాతి కథతోనే. తీసిన రీలును ల్యాబుకు పంపుతారు. నాలుగు రోజులకు బొమ్మలు ఫోనులోకి దిగుతాయి. మురిసిపోయి, కింద ‘ఎటువంటి దిద్దుబాటూ లేదు, ఫిల్ము ఇచ్చింది ఇచ్చినట్టే’ అని ఒక ప్రమాణపత్రం జతచేసి లోకానికి చూపుతారు. మరి నెగటివులేవీ అని అడిగామా, ‘అవా? అక్కడే ఉండిపోయాయండీ. స్కాన్లు వచ్చేశాయి గదా, ఇంకెందుకు?’ అంటారు. ఆ ప్రమాణపత్రానికీ ఈ జవాబుకూ తల్లివేరు ఒకటే. దాని మీదనే ఈ టపాలో నా యుద్ధం. నా వాదం చిన్నది: నెగటివు మూలం, స్కాను ఆ మూలానికి ఎవరో ఒకరు కట్టిన పాఠం. మూలాన్ని చెత్తబుట్టకు ధారపోసి పాఠాన్ని సత్యమని పూజించేవారిని ఫిల్ము ప్రేమికులని పిలవడానికి నాకు నోరు రాదు.

ఇది కుర్రకారు అజాగ్రత్త మాత్రమే అనుకోకండి. అమెరికాలో కొన్ని పెద్ద దుకాణాలు రీలు పుచ్చుకుని ముద్రలూ, ఒక డిస్కూ చేతిలో పెట్టి, నెగటివు మాత్రం తిరిగి ఇవ్వని పద్ధతిని ఎన్నడో ప్రవేశపెట్టాయి. మరికొన్ని ల్యాబులు ఇన్నాళ్ళలోగా అడగకపోతే పారేస్తామని నియమాలలో ముందే వ్రాసుకుంటాయి. వాళ్ళనూ పూర్తిగా తప్పుపట్టలేను. అడిగేవాడు లేని వస్తువును ఎవడు భద్రపరుస్తాడు? అడగవలసినవాళ్ళు అడగకపోవడమే నా బాధ.

మన భాషవాళ్ళకు ఈ సంగతి చెప్పడం సులువు కావాలి. తాటాకు మీద గంటంతో వ్రాసిన అక్షరం వ్రాసినప్పుడు కంటికి ఆనదు. గీత పడుతుంది, అంతే. దాని మీద మసో, ఆకుపసరో పూసి తుడిచినప్పుడు గీతలో నిలిచిపోయిన నలుపు అక్షరమై పైకి తేలుతుంది. ఫిల్ము కథా అచ్చంగా అంతే. కెమెరా రెప్ప తెరుచుకున్న ఆ సెకనులో నూరోవంతు వ్యవధిలో వెండి లవణాల మీద పడిన వెలుగు ఒక గుప్తబింబాన్ని వ్రాసిపోతుంది. డెవలపరు అనే పసరు పూసేదాకా అది పరమాత్మలాగా ఉందీ అనలేము, లేదూ అనలేము. పసరు పూశాక నిలిచేది నెగటివు. గోలకొండ బురుజు మీద పడి వెనక్కు మరలిన వెలుగు వచ్చి స్వయంగా తాకిన వస్తువు అదొక్కటే. తక్కినవన్నీ, కాగితం మీది ముద్ర గానీ తెర మీది చుక్కలు గానీ, దానికి తీసిన నకళ్ళు.

నకలు అన్న తరువాత నకలుదారు ఉంటాడు. అతడికి అభిరుచి ఉంటుంది, తొందర ఉంటుంది, తెలియనితనమూ ఉంటుంది. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌కు ఈ రహస్యం తెలుసు. ఆయన ఏ ఒక్క ప్రతినీ నమ్మలేదు. ఊరూరా వ్రాతప్రతులు సేకరించి, కడపలోని తన బంగళాలో పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, ప్రతిని ప్రతితో పోల్చి చూపించాడు. పరిష్కృత ప్రతులు తయారైనాయి గదా అని పాత ఆకులను పొయ్యిలో పెట్టించలేదు. ఆయన కూర్చిన సంచయం నేటికీ చెన్నపట్నంలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. బ్రౌన్ కట్టిన పాఠం నచ్చనివాడు వెళ్ళి మూలం తిరగేసుకోవచ్చు. పరిష్కర్త గొప్పతనం తన పాఠం మీద తానే అప్పీలుకు దారి వదలడంలో ఉంది. ఫోనులోకి వచ్చిన జేపెగ్గును ఉంచుకుని నెగటివును పోనిచ్చినవాడు ఆ దారిని తన చేత్తో తానే మూసుకున్నాడు.

ఛాయాచిత్రాల లోకంలోనే ఉదాహరణ కావాలంటే మన సికింద్రాబాదులోనే ఉంది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడై ముసవ్విర్ జంగ్ బిరుదందిన రాజా దీనదయాళ్ (1844-1905) గాజుపలకల మీద తీసిన నెగటివులలో 2857 పలకలను 1989లో ఆయన కుటుంబం నుంచి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుగోలు చేసింది. గాజు! చెయ్యి జారితే ముక్కలయ్యే వస్తువు. నూరేళ్ళ పాటు ఒక కుటుంబం వాటిని కాపాడుకొచ్చింది. తాతముత్తాతల ముద్రలు ఆల్బములలో ఉన్నాయి గదా, ఈ బరువు పెట్టెలెందుకు అని వాళ్ళు అనుకుని ఉంటే, ఆ పలకల నుంచి మళ్ళీ ముద్ర తీసే భాగ్యం ఇవాళ ఎవరికీ ఉండేది కాదు.

ఇంకొక ఉదాహరణ షికాగో నగరానిది. వివియన్ మేయర్ అనే ఆమె ఇళ్ళలో పిల్లలను సాకే ఉద్యోగం చేస్తూ, మెడలో రోలీఫ్లెక్సు వేసుకుని వీధులు తిరిగి లక్షకు పైగా నెగటివులు పోగుచేసింది. తీసినవాటిలో ఎక్కువ భాగం ఆమె ముద్రలే వేయించుకోలేదు; కడిగించని రీళ్ళు కూడా ఎన్నో ఉండిపోయాయి. అద్దె బకాయిపడిన గోదాములోని సామాను 2007లో వేలానికి వస్తే ఆ పెట్టెలు బయటపడ్డాయి. 2009లో ఆమె పోయింది. నేడు లోకం ఆమెను ఇరవయ్యో శతాబ్దపు గొప్ప వీధి ఛాయాచిత్రకారులలో ఒకరిగా లెక్కిస్తున్నది. ఆ లెక్కంతా నిలిచింది నెగటివుల మీద.

సరే, ఇక ఆ ప్రమాణపత్రం సంగతికి వస్తాను. ‘ఏ దిద్దుబాటూ లేదు’ అట! రంగుల నెగటివును ఒక్కసారి కిటికీకి అడ్డంగా పెట్టి చూడండి. అంతటా నారింజ రంగు పరుచుకుని ఉంటుంది. అది మురికి కాదు. ఫిల్ములోని రంగుపొరలు తమది కాని వెలుగును కూడా కొంత మింగేస్తాయి గనుక, ఆ దోషానికి విరుగుడుగా తయారుచేసినవాళ్ళే పెట్టిన ముసుగు. స్కానరు ముందు ఆ నారింజను తీసివేయాలి. ఆ తరువాత నలుపును తెలుపు, తెలుపును నలుపు చేయాలి. ఆపైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ ఎక్కడ మొదలో ఎక్కడ తుదో నిర్ణయించాలి. ఇన్ని నిర్ణయాలకు నెగటివులో ఒకే ఒక్క సరైన జవాబు వ్రాసి ఉండదు. ఎవరో ఒకరు తేల్చాలి. మీరు తేల్చకపోతే ల్యాబులోని యంత్రం తేలుస్తుంది. ఆ యంత్రాన్ని నడిపే కుర్రవాడు మధ్యాహ్నం భోజనానికి లేవబోతూ రెండు మీటలు నొక్కి తేలుస్తాడు. దిద్దుబాటు జరగకపోవడమేమిటి? జరిగింది, మీకు తెలియకుండా జరిగింది. దానికే మీరు స్వచ్ఛత అని పేరు పెట్టుకున్నారు.

ఆ యంత్రం తెలివి ఎంతో కూడా చెబుతాను. అది లోకంలోని ప్రతి దృశ్యమూ మధ్యస్థమైన వెలుగులోనే ఉంటుందని నమ్మిన అమాయకురాలు. సందెచీకటి కావాలని కోరి తీసిన బొమ్మను పైకెత్తి పట్టపగలు చేసి పంపుతుంది. మంచుపట్టిన ఉదయాన అరకు లోయను తీస్తే ఆ తెల్లదనాన్ని బూడిదలో ముంచుతుంది. వెలుగు చాలక పలచబడిన నెగటివును బలవంతాన లాగి, పైన పదును పెట్టి, ఇసుక చల్లినట్టు చేస్తుంది. అప్పుడు మన మిత్రుడు ‘ఆహా, ఫిల్ము గ్రెయిను చూశారా!’ అని పరవశిస్తాడు. నాయనా, అందులో సగం ఫిల్ముది కాదు, పదును పెట్టిన యంత్రానిది. స్లయిడు ఫిల్మును నెగటివు రసాయనాలలో కడిగించి వింత రంగులు రాబట్టే ఆచారం ఒకటుంది. ఆ ఆకుపచ్చలూ ఆ ఊదాలూ ఫిల్ము మహిమే అనుకుంటారు. అదే ముక్కను రెండు ల్యాబులలో స్కాను చేయించి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట చిలకపచ్చ, మరొకచోట పాచిరంగు. ఏది మహిమ?

చీకటిగదిలో చేత్తో ముద్రించిన రోజులలోనూ ఇంతే. ఆన్సెల్ ఆడమ్స్ నెగటివును సంగీతకర్త వ్రాసిన స్వరలిపితోను, ముద్రను కచేరీతోను పోల్చాడు. ఊరికే అనలేదు. హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని ఆయన 1941లో ఒకే ఒక్క నెగటివుగా తీశాడు. జీవితకాలంలో దాని నుంచి వెయ్యికి పైగా ముద్రలు తీశాడు. మొదటి ముద్రలలో ఆకాశంలో లేతమబ్బులున్నాయి. చివరి ముద్రలలో అది దాదాపు కాటుక. నలభై ఏళ్ళలో మనిషి మారాడు, పాఠం మారింది, మూలం పెట్టెలో ఉంది. ఏది ‘ఏ మార్పూ లేని’ చంద్రోదయం? ఆ ప్రశ్న ఆయననే అడిగి ఉంటే నవ్వి ఊరుకునేవాడేమో.

ఇక బొమ్మ కెమెరాల భక్తసమాజం. వీరితో తగవు కాస్త సున్నితమైనది, ఎందుకంటే ఆ కెమెరాలంటే నాకూ ఇష్టమే. హాంకాంగులోని ఒక ప్లాస్టిక్కు కర్మాగారం 1960ల తొలినాళ్ళలో తయారుచేసిన డయానా గానీ, 1982లో అదే ఊళ్ళో పుట్టిన హోల్గా గానీ, మధ్యతరగతి మనిషి చవకగా నాలుగు కుటుంబచిత్రాలు తీసుకోవడానికి చేసిన వస్తువులు. హోల్గాకు ఎండకొకటి, మబ్బుకొకటి అని రెండు గుర్తులున్నాయి. పాత హోల్గాలలో మీటను ఎటు తిప్పినా లోపలి రంధ్రం ఒక్కటే! మన ప్రభుత్వ కార్యాలయాలలో ఫిర్యాదుల పెట్టెలాంటిదన్నమాట. వెనక ఎర్రకిటికీలో అంకె చూసుకుంటూ రీలు తిప్పాలి. ఎరుపును చూడలేని పాతకాలపు ఫిల్ములకు ఆ కిటికీ నిరపాయం. అన్ని రంగులనూ చూసే నేటి ఫిల్ములకు, అందునా మన ఎండలో, దాని మీద కూడా ఒక టేపుముక్క ఉండడం మేలు. 1984 నుంచి లెనిన్‌గ్రాడులో తయారైన లోమో ఎల్‌సీఏను కూడా ఈ గాటనే కట్టేస్తారు గానీ, గాజు కటకమూ, వెలుగును తానే కొలుచుకునే యంత్రాంగమూ ఉన్న దాన్ని బొమ్మ అనడం న్యాయం కాదు.

వియన్నాలోని విద్యార్థులు కొందరు ఈ లోమోను 1990ల మొదట్లో పట్టుకుని, 1992లో ఒక సంఘం పెట్టి, పది సూత్రాలు వ్రాసుకున్నారు. వాటిలో ఒకటి ‘ఆలోచించవద్దు’ అని. పెద్ద కంపెనీలు ఫిల్ముకు నీళ్ళొదిలిన రోజులలో దాన్ని అమ్ముతూ, కొనిపిస్తూ ఉన్న పుణ్యం ఆ సంఘానిదే. ఆ మేరకు నమస్కారం పెడతాను. కానీ ‘ఆలోచించవద్దు’ అన్న సూత్రం మీట నొక్కేటప్పటికి చెప్పింది. మనవాళ్ళు దాన్ని కడిగించడానికీ, స్కానుకూ, దాచుకోవడానికీ కూడా వర్తింపజేసుకున్నారు. డబ్బా సందులోంచి వెలుగు కారి ఎర్రటి మరక పడితే ‘ఆత్మ’ అంటారు. రీలు సరిగా తిరగక రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే ‘కవిత’ అంటారు. కడగడంలో మచ్చ మిగిలితే ‘కాలస్పర్శ’.

వ్రాతప్రతుల శాస్త్రంలో దీనికొక పేరుంది: లేఖకప్రమాదం. వ్రాయసకాడు కునికిపాటులో ఒక పాదం వదిలేస్తే అది గ్రంథపాతం. పురుగు తినేస్తే క్రిమిదష్టం. ఏ పండితుడూ పురుగు తిన్న చోటును చూసి ‘ఎంత ధ్వని!’ అని తలూపడు. అదే సమయంలో వ్రాయసకాని దస్తూరీ వేరు, ప్రమాదం వేరు. హోల్గా మూలలు చీకటిపడడం, అంచులు కరిగిపోవడం దాని కటకపు దస్తూరీ. ప్రతి ఫ్రేములోనూ ఉంటుంది, ఎరిగినవాడు దానికి తగ్గట్టు మనిషిని మధ్యలో నిలబెట్టుకుంటాడు. నాన్సీ రెక్స్‌రోత్ 1970లలో డయానాతో తీసి, 1977లో ‘అయోవా’ అన్న పేరుతో పుస్తకం వేసింది. బొమ్మలు తీసింది ఎక్కువగా ఒహాయోలో. పేరు తన మనసులోని బాల్యపు ఊళ్ళది. ఆ కటకపు మసకను జ్ఞాపకపు మసకగా వాడుకోవడం తెలిసి చేసిన పని. 2000 నాటి అమెరికా ఎన్నికలలో డేవిడ్ బర్నెట్ అనే పత్రికా ఛాయాచిత్రకారుడు ఆల్ గోర్‌ను హోల్గాతో తీశాడు. పక్కనున్న వందమంది ఖరీదైన కెమెరాలతో తీసిన అదే సభలో ఇంకొక సభను చూపాడు. వీళ్ళు ప్రమాదాన్ని నమ్ముకోలేదు, దస్తూరీని చదువుకున్నారు.

మీ బొమ్మలో ఏది కటకపు దస్తూరీ, ఏది డబ్బా లీకు, ఏది రసాయనం, ఏది స్కానరు చేసిన గారడీ అన్నది తేల్చుకోవడానికి ఉన్న సాక్షి ఎవరు? నెగటివు ఒక్కటే. వెలుగు కారిందా, ఆ మరక ఫ్రేము అంచు దాటి చిల్లుల దాకా పాకి ఉంటుంది. గీత స్కానరు గాజు మీదిదా, నెగటివు మీద ఉండదు. నారింజ ముసుగు సరిగా తీయలేదా, రెండు ఫ్రేముల మధ్య ఖాళీ చోటు చెబుతుంది. సాక్షిని పారేసినవాడు దస్తూరీ గురించి మాట్లాడడానికి తగడు.

పైగా ప్రమాదాల కోసమే ఫిల్మయితే, అది 2010లోనే దండగమారి ఖర్చు అయిపోయింది. ఆ ఏడు ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. చదరపు చట్రం, వెలిసిన రంగులు, చీకటి మూలలు ఒక్క మీటతో ఇచ్చింది. అంతకు కొంచెం ముందే హిప్‌స్టామాటిక్ ఇచ్చింది. మీట నొక్కితే వచ్చేదాని కోసం రీలుకు వందలు పోయడం ఎందుకు? మీట ఇవ్వలేనిది ఏది? చేతిలో పట్టుకుని కిటికీకి ఎత్తి చూడగల ఒక ముక్క. దాన్నే కదా మీరు ల్యాబులో వదిలి వస్తున్నది!

అవతలి గట్టు నుంచి డిజిటలు మిత్రులు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. ‘చివరకు స్కాను చేసి తెరమీదే గదా చూస్తావు, మరి ఆ చాదస్తమెందుకు?’ అని. ప్రశ్న న్యాయమైనదే, జవాబు పైన చెప్పిందే. నేను తెరమీద చూసేది ఈనాటి పాఠం. పదేళ్ళకు ఇంతకన్న మంచి స్కానరు వస్తుంది, నా కన్నూ కొంత పదునెక్కుతుంది, అప్పుడు మళ్ళీ చదువుకుంటాను. 2000ల నాటి పిక్చరు సీడీలను గుర్తుతెచ్చుకోండి. వాటిలో కొడాక్ వారు ఇచ్చినది 1536×1024 చుక్కలు. పదహారు లక్షలు కూడా నిండవు. ఆనాడు అదే మహాప్రసాదం. ‘సీడీ వచ్చేసింది గదా’ అని నెగటివులు పారేసినవారి పెళ్ళిళ్ళూ, బారసాలలూ శాశ్వతంగా ఆ పదహారు లక్షల చుక్కలకు కుదించుకుపోయాయి, అదీ ఆ సీడీ ఇంకా తెరుచుకుంటే. నెగటివు దాచుకున్నవాడు? 24×36 మిల్లీమీటర్ల అదే ఫ్రేమును అంగుళానికి 4000 చుక్కల చొప్పున చదివితే రెండు కోట్లు దాటుతాయి. యాషికా తీసిన 56 మిల్లీమీటర్ల చదరాన్ని 2400 చొప్పున చదివినా సుమారు 2 కోట్ల 80 లక్షలు. ఫిల్మును మార్చలేదు, చదువరిని మార్చాడు. (స్కానరు పెట్టెల మీద అచ్చువేసే 6400 వంటి అంకెలను నమ్మి లెక్కలు వేయకండి. ఇంట్లో వాడే బల్లపరుపు స్కానర్లు నిజంగా చేరేది అందులో సగం కూడా ఉండదు.)

చుక్కల లెక్క కన్న పెద్ద మాట ఒకటుంది. మా తాతగారి ఇంటి వసారాను అగ్ఫా క్లిక్ త్రీతో తీసిన ఫొటో మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉంది. అరచేతిలో పట్టేంత ముద్ర, చుట్టూ తెల్ల అంచు. ఎండలో తులసికోట, దాని పక్కన మా నాయనమ్మ, వెనక తలుపు ఉండవలసిన చోట నల్లటి చీకటి. ఆ ముద్ర వేసిన స్టూడియో వాడిన కాగితానికి ఆ ఎండనూ ఆ నీడనూ ఒక్కచోట ఇముడ్చుకునే శక్తి లేదు. ఎండను ఎంచుకున్నాడు, నీడను వదిలేశాడు. నెగటివు దొరికాక స్కాను చేసి, ఆ నల్లని భాగంలో పలచగా నిలిచి ఉన్నదాన్ని మెల్లగా పైకి తెచ్చాను. తలుపుకు ఆనుకుని మా మేనత్త నిలబడి ఉంది. చేతిలో చేట. ఏదో అనబోతున్నట్టు నోరు కాస్త తెరిచి ఉంది. ఆమె పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు. ఆమెకు మా ఇంట్లో ఉన్న మరో ఫొటో పెళ్ళినాటిది ఒక్కటే, బిగుసుకుపోయి కూర్చున్నది. ఎండను ఎంచుకున్న ఆ స్టూడియో వాణ్ణి నేను నిందించను. అతడు కట్టిన పాఠం అది. నెగటివు ఉండబట్టి ఇంకొక పాఠం సాధ్యమైంది.

అందుకని అంటున్నాను, స్కాను చేయడాన్ని చిల్లర పనిగా చూడకండి. వీలుంటే మీరే చేయండి. ఖరీదైన స్కానరు లేకపోయినా, వెలుగుపలక మీద నెగటివు పరిచి, దగ్గరి దృశ్యాలు తీసే కటకంతో డిజిటలు కెమెరాను నిటారుగా నిలిపి తీస్తే ఎన్నో ల్యాబులకన్న మెరుగైన ఫలితం వస్తుంది. మొదటి స్కాను అందంగా ఉండనక్కరలేదు. చప్పగా, పేలవంగా ఉండనివ్వండి, వెలుగుకూ నీడకూ రెండు కొసలా చోటు వదలండి, పదహారు బిట్ల టిఫ్‌గా దాచండి. అందం చేసేదేదో దాని నకలు మీద చేసుకోవచ్చు. ఫ్రేము అంచునూ, దాని మీది అంకెనూ కత్తిరించకండి. అది తాళపత్రానికి చివర ఉండే గద్యలాంటిది, ఏ ఫిల్మో ఎన్నో బొమ్మో చెబుతుంది. పరారుణ కిరణాలతో దుమ్ము తుడిచే విద్య ఒకటి స్కానర్లలో ఉంటుంది. రంగుల ఫిల్ముకు అది వరం. వెండితో ఏర్పడిన నలుపు-తెలుపు ఫిల్ముకు మాత్రం ఎన్నడూ వాడకండి. వెండి ఆ కిరణాలను అడ్డుకుంటుంది, అమాయక యంత్రం మీ నాయనమ్మ కనుబొమ్మలను దుమ్మనుకుని చెరిపేస్తుంది. ఇక చుట్టలు చుట్టుకుపోయే ఫిల్మును చదును చేయడం పెద్ద తపస్సు. గాజుకు ఆనిందా, నీటిమీద నూనెచుక్కలాగా రంగుల వలయాలు పడతాయి. శుభ్రమైన తొడుగులో పెట్టి, పైన బరువుంచి వారం రోజులు మరిచిపోవడమే మార్గం. మా ఇంట్లో శబ్దరత్నాకరానికి ఈ రెండో ఉద్యోగం కూడా ఉంది; మొదటి ఉద్యోగం కన్న దీనిలోనే ఎక్కువ శ్రమిస్తున్నదని ఇంటివారి ఆక్షేపణ.

నెగటివు అజరామరమని నేనడం లేదు. అసిటేటు ఫిల్ము వేడికీ తేమకూ కుళ్ళి పులిసిన వాసన వేస్తుంది. సినిమా భాండాగారాలవాళ్ళు దాన్ని వినెగరు రోగం అంటారు. ఒక చుట్టకు తగిలితే పక్క చుట్టకూ పాకుతుంది. రంగులు వెలుస్తాయి. బూజు పడుతుంది, కోస్తాలో ఒక వర్షాకాలం చాలు. కాబట్టి స్కాను కూడా అత్యవసరమే. ఇది కావాలా అది కావాలా అన్న తగవు కాదు నాది. బ్రౌన్ అచ్చూ వేయించాడు, ఆకులూ దాచాడు.

సంఖ్యల పట్టికలేవీ నా దగ్గర లేవు గానీ, కళ్ళెదుట జరిగినది చెబుతాను. మా వైపు చిన్న పట్టణంలో ఒక స్టూడియో ఉండేది. మూడు తరాల పెళ్ళిళ్ళూ, ఎస్సెస్సెల్సీ పాస్‌పోర్టు ఫొటోలూ, పాడె మీద తీసిన ఆఖరి ఫొటోలూ అక్కడివే. నెగటివులను చిన్న కాగితపు కవర్లలో పెట్టి, కవరు మీద అంకె వేసి, చెక్కబీరువాలో వరుసగా పేర్చేవారు. డిజిటలు వచ్చింది, తండ్రి పోయాడు, కొడుకు ఫ్లెక్సీల వ్యాపారంలోకి మారాడు. బీరువాకు చోటు చాలలేదు. ఆసుపత్రి ఎక్స్‌రేలు కొనే మనిషే వచ్చి వెండి కోసం అన్నిటినీ తూకానికి పట్టుకుపోయాడు. నేను వెళ్ళేటప్పటికి బీరువాలో అట్టలు చుట్టిన ఫ్లెక్సీ గుడ్డలున్నాయి. కొడుకు మంచివాడే, టీ తెప్పించి, ‘ఎవరూ అడగలేదండీ, పదేళ్ళలో ఒక్కరూ అడగలేదు’ అన్నాడు. ఊటీలో 1960లో స్థాపించి, ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసి దేశమంతటా స్టూడియోలకు అందించిన ప్రభుత్వ సంస్థ హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. మళ్ళీ తీసే ఫిల్మును విదేశాల నుంచి తెప్పించుకోగలం. తీసేసిన ఫిల్మును ఎక్కడినుంచి తెప్పించుకుంటాం?

కొత్తగా రీళ్ళు తీస్తున్న మిత్రులకు నా కోరిక పెద్దదేమీ కాదు. రీలు ఇచ్చేటప్పుడు రసీదు మీద ‘నెగటివులు తిరిగి ఇవ్వవలెను’ అని వ్రాయించుకోండి. ముక్కలుగా కత్తిరిస్తే తొడుగులలో పెట్టి ఇమ్మనండి, చుట్టి రబ్బరుబ్యాండు వేస్తే ఒప్పుకోకండి. బొమ్మ కింద ‘దిద్దుబాటు లేదు’ అని వ్రాసే బదులు ఎవరు స్కాను చేశారో వ్రాయండి. ఇంట్లో గోడకున్న పాత ఫొటోను ఒకసారి దించి వెనక్కి తిప్పి చూడండి. చాలావాటికి స్టూడియో ముద్ర, దాని కింద పెన్సిలుతోనో సిరాతోనో ఒక అంకె ఉంటాయి. అది ఆ నెగటివు అంకె. ఆ స్టూడియో ఇంకా ఉంటే, ఈ ఆదివారమే వెళ్ళి అడగండి.